ఫ్యాన్ ఫిక్షన్ రాసేవాళ్ళని "ముందే ఒక ట్యాగ్ పెట్టండి" అని అడగొచ్చా?

వెనకాల ధబ్ ధబ్‌మని చప్పుడు వినిపిస్తే కంగారు పడకండి, పక్క తోటలో కొబ్బరి దింపు తీస్తున్నారు. తాటిపాకలో ఇంట్లో కూర్చుని వీడియో తీస్తే ఇలాగే ఉంటదండి. ఎడిటింగ్‌లో తీసేద్దామన్నా పోదు.

ఈ వారం టాపిక్ నేను ఎంచుకున్నది కాదు. డిగ్రీ చదివే ఒక అమ్మాయి మెసేజ్ పెట్టింది. తనకి ఇష్టమైన జంట మీద ఎవరో రాస్తున్న ఫ్యాన్ ఫిక్షన్ చదువుతోందట. 20 భాగాలు సరదాగా నడిచాయి. 21వ భాగంలో ఏ సూచనా లేకుండా హీరో చెల్లెలు ఆత్మహత్య చేసుకుంది, అదీ చాలా వివరంగా. "ఇలాంటిది ఉంటే ముందు ఒక మాట చెప్పొచ్చు కదా" అని ఈ అమ్మాయి రాస్తే మిగతా పాఠకులు మీద పడిపోయారు. "అంత సెన్సిటివ్ అయితే చదవడం మానెయ్", "వెళ్ళి చందమామ కథలు చదువుకో" అని. తను నన్ను అడిగింది ఒకటే: "అన్నా, నేను అడగడం తప్పా?"

తప్పు కాదమ్మా. కాకపోతే ఎందుకు అడుగుతున్నామో ముందు మనకి తెలియాలి, ఎలా అడగాలో కూడా తెలియాలి. ఎందుకంటే అవతల ఉన్నది కంపెనీ కాదు. మనలాగే కాలేజీ అయ్యాకో, ఆఫీసు అయ్యాకో రాత్రి పూట ఫోన్‌లో టైపు చేస్తూ, ఒక్క రూపాయి రాకపోయినా రాస్తున్న మనిషి.

ఫ్యాన్ ఫిక్షన్ అంటే తెలియనివాళ్ళ కోసం ఒక్క నిమిషం. వేరేవాళ్ళు సృష్టించిన పాత్రల్ని తీసుకుని అభిమానులు సొంతంగా అల్లే కథ. ఇది ఇంగ్లీషువాళ్ళ సరుకు అనుకోకండి. 1957లో వచ్చిన మాయాబజార్ చూశారు కదా, అభిమన్యుడికీ బలరాముడి కూతురు శశిరేఖకీ ప్రేమకథ. ఆ కథ వ్యాస భారతంలో లేదు! మన జనం అల్లుకున్నదే. ఓల్గా గారి 'విముక్త' కథల్లో సీత వెళ్ళి శూర్పణఖనీ అహల్యనీ కలుస్తుంది, ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. దాన్ని ఫ్యాన్ ఫిక్షన్ అని నేననను. పాత పాత్రల్తో కొత్త కథ చెప్పడం మనకి కొత్త పని కాదు అని మాత్రం అంటున్నా.

ఇక ఇప్పటి సంగతి. 2022 మార్చి 25న ఆర్ఆర్ఆర్ రిలీజైంది, తర్వాత ఓటీటీలోకి వెళ్ళింది. అక్కణ్ణుంచి ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో రామ్, భీమ్ పాత్రల మీద కథలు రాయడం మొదలుపెట్టారు. ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే సైట్‌లో వెతికి చూడండి, తెలుగు ముక్క రానివాళ్ళు మన హీరోల మీద రాసినవి దొరుకుతాయి. ఆ సినిమాలో భీమ్‌ని కొరడాతో కొట్టే సీన్ గుర్తుందా? రాసేవాళ్ళలో చాలామంది ఆ దెబ్బల తర్వాత ఏమైంది, ఆ గాయాలు ఎలా మానాయి అనే చోట కథ మొదలుపెడతారు. మొదలుపెట్టే ముందు పైన ఒక వరస ట్యాగులు పెడతారు: హింస ఉంది, గాయాలున్నాయి, చెర ఉంది, చివరికి ఓదార్పు కూడా ఉంది అని. చదివేవాళ్ళు అది చూసి లోపలికి వెళ్తారు, లేదా పక్క కథకి పోతారు. పేచీ లేదు, పంచాయితీ లేదు.

ఇప్పుడు 'ట్రిగ్గర్' అనే మాట. మన దగ్గర ఇది మీమ్ అయిపోయింది. ఎవడైనా కోపంగా రిప్లై ఇస్తే "ట్రిగ్గర్ అయ్యావా బ్రో" అంటాం. అసలు అర్థం అది కాదు. ట్రిగ్గర్ అంటే తుపాకీ మీట. మీట చిన్నదే, వేలితో నొక్కేదే, వెనకాల పేలేది పెద్దది. ఘోరమైన అనుభవం ఒకటి దాటొచ్చిన మనిషికి, దాన్ని గుర్తుచేసే చిన్న వాసనో చప్పుడో వాక్యమో తగిలితే, ఒళ్ళు మళ్ళీ ఆ రోజులోకి వెళ్ళిపోతుంది. గుండె దడ, చెమటలు, ఊపిరాడకపోవడం. 'అది ఎప్పుడో అయిపోయింది' అని బుర్రకి తెలుసు, ఒంటికి తెలియదు. యుద్ధాల నుంచి తిరిగొచ్చిన సైనికుల్లో, అత్యాచారం నుంచి బయటపడ్డవాళ్ళలో డాక్టర్లు దీన్ని గమనించారు. 1980లో అమెరికా సైకియాట్రీ వాళ్ళ మాన్యువల్‌లో పీటీఎస్‌డీ అనే పేరుతో చేర్చారు. అంటే ఇది 'నాకు నచ్చలేదు' అనేది కాదు. హీరోయిన్‌ని వేరేవాడికి ఇచ్చి పెళ్ళి చేస్తే మనకి మండుతుంది, అది ట్రిగ్గర్ కాదండి, అది అభిమానం.

దూరం దేశం ఉదాహరణలు ఎందుకు, మా చుట్టుపక్కలే చూడండి. ఇక్కడ భూమి కింద గ్యాస్ ఉంది. తాటిపాకలో ఓఎన్‌జీసీ వాళ్ళ చిన్న రిఫైనరీ ఉంది. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర బావి బ్లోఅవుట్ అయ్యి రెండు నెలలకి పైగా మండింది. అది మా అమ్మానాన్నల తరం కథ, ఇప్పటికీ చెప్తారు. మా తరం కథ 2014 జూన్ 27. తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాస్ పైప్‌లైన్ లీకై అంటుకుంది. 20 మందికి పైగా పోయారు. ఇళ్ళు, కొబ్బరి చెట్లు నిలువునా కాలిపోయాయి. మాకు కూతవేటు దూరం అది.

నాకు తెలిసిన ఒక అమ్మాయిది ఆ పక్క ఊరే. అప్పుడు ఏడో క్లాసు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది, రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో కథలు చదవడం అలవాటు. ఒక కథ, పేరు వద్దులెండి, కొత్తగా పెళ్ళైన జంట, వంటింట్లో గిల్లికజ్జాలు, ఆ టైపు. హాయిగా సాగుతోంది. ఒక భాగంలో హీరో పొద్దున్నే లేచి కాఫీ పెడదామని స్టవ్ వెలిగిస్తాడు. సిలిండర్ లీక్. తర్వాత రెండు పేజీలు ఏముంటదో మీరు ఊహించుకోగలరు.

"చదవడం అక్కడే ఆపేశాను, వాసన మాత్రం ఆగలేదు" అంది నాతో. గదిలో ఏ వాసనా లేదు. లేచి వెళ్ళి నాలుగుసార్లు సిలిండర్ నాబ్ చూసుకుందట. ఆ రాత్రి నిద్ర లేదు. తర్వాత నెలన్నరో రెండు నెలలో కథలే ముట్టుకోలేదు.

ఆ సీన్ ఉండకూడదు అని తను అనలేదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ట్యాగ్ అడిగిన ప్రతివాళ్ళ మీదా వేసే నింద అదే. తను అన్న మాట: "ముందు తెలిస్తే మానేసేదాన్ని కాదేమో. పగలు చదువుకునేదాన్ని. రూమ్మేట్ పక్కన ఉన్నప్పుడు."

నాకు ఈ ఒక్క మాటతో ట్యాగ్ అంటే ఏంటో అర్థమైంది. ట్యాగ్ కథని ఆపడానికి కాదు. ఎప్పుడు చదవాలి, ఎక్కడ చదవాలి, ఏ మూడ్‌లో చదవాలి అనేది పాఠకుడి చేతిలో పెట్టడానికి. గోదారి జిల్లావాళ్ళకి చెప్పాలంటే, పులస పులుసు వడ్డిస్తూ "ముళ్ళుంటాయి, చూసుకుని తిను" అంటాం. అంటే పులసని తిట్టినట్టా? వండినావిణ్ణి తిట్టినట్టా?

సరే, ఇది ఇంజనీరింగ్‌గా ఎలా పని చేస్తుందో చూద్దాం. నాకు ఇష్టమైన భాగం ఇదే, రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్, పొట్టిగా ఏఓ3. అభిమానులే లాభాపేక్ష లేకుండా సంస్థ పెట్టుకుని 2009లో అందరికీ తెరిచిన సైట్. 2019లో హ్యూగో అవార్డు కూడా వచ్చింది దానికి. అక్కడ కథ పెట్టాలంటే వార్నింగ్ గడి ఖాళీగా వదలడానికి లేదు. నాలుగు రకాల పెద్ద విషయాలకి వార్నింగులున్నాయి: తీవ్రమైన హింస, ముఖ్య పాత్ర చావు, అత్యాచారం, మైనర్లతో లైంగిక విషయం. ఇవి కాక ఇంకో రెండు ఆప్షన్లున్నాయి. ఒకటి "ఈ నాలుగూ ఈ కథలో లేవు". రెండోది "వార్నింగ్ పెట్టకూడదని నేను నిర్ణయించుకున్నాను".

ఈ రెండోది చూసి నేను ఫిదా అయిపోయానండి. ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తా: ఫాల్స్ వేరు, నల్ వేరు. "లేదు" అని చెప్పడం ఫాల్స్. "చెప్పను" అనడం నల్. కోడ్ రాసేటప్పుడు ఈ రెండూ ఒకటే అనుకుంటే రాత్రి రెండింటికి ప్రొడక్షన్‌లో బగ్ వస్తది. ఇక్కడా అంతే. సస్పెన్స్ పోకూడదనుకున్న రచయిత "చెప్పను" అని పెట్టొచ్చు, అది ఆయన హక్కు. పాఠకుడికి అర్థమవుతుంది, లోపల ఏదైనా ఉండొచ్చు, నా రిస్క్ మీద వెళ్తున్నా అని. అబద్ధం మాత్రం కుదరదు. "లేవు" అని పెట్టి లోపల అత్యాచారం రాస్తే అది రూల్ తప్పినట్టే, అప్పుడు ఫిర్యాదు చేయొచ్చు.

ఇవి కాక సొంతంగా ట్యాగులు రాసుకునే గడి ఉంది. ఒకే విషయానికి పది మంది పది రకాలుగా ట్యాగ్ రాస్తారు కదా, వాటన్నిటినీ ఒక దానికి ఒకటి కలిపే వలంటీర్లు ఉంటారు. అంచేత ఒక ట్యాగ్ ఫిల్టర్ చేస్తే దాని అన్నదమ్ములన్నీ కలిసి వెళ్ళిపోతాయి. వాట్‌ప్యాడ్‌లో ఇంత కట్టుదిట్టం లేదు. కథని మెచ్యూర్ అని గుర్తుపెట్టొచ్చు, ట్యాగులు రాయొచ్చు, మిగతాది రాసేవాళ్ళ మనసు.

ఆ నాలుగు పెద్ద వార్నింగుల్లో ఏం లేదో గమనించారా? ఆత్మహత్య లేదు. తనని తాను గాయపరుచుకోవడం లేదు. అగ్ని ప్రమాదం, గర్భస్రావం, గృహహింస, ఇవేవీ లేవు. ఇవి రచయిత తనంతట తాను పెట్టాలి. ఆ సైట్ రూల్ బలవంతం చేయదు. అందుకే 'అడగడం' అనే పని మిగిలింది.

ఆత్మహత్య గురించి ఇంకాస్త మాట్లాడతా, ఎందుకంటే మెసేజ్ పెట్టిన అమ్మాయి సమస్య అదే. మన తెలుగు ఫ్యాన్ ఫిక్షన్‌లో కాలేజీ కథలకి లెక్కలేదు. సినిమా హీరో హీరోయిన్లని తీసుకొచ్చి కార్పొరేట్ కాలేజీ హాస్టల్‌లో పడేస్తారు, ర్యాంకులు, వార్డెన్, టెర్రస్ మీద ప్రేమ. డ్రామా కావాలంటే చేతికి మొదట దొరికేది రిజల్ట్స్ రోజు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చాక 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ళ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, బెంచ్‌మేట్స్, హాస్టల్ రూమ్మేట్స్ అందరూ ఇప్పుడు ఇరవైల్లో ఉంటారు. చేతిలో ఫోన్ ఉంటది, కథలు చదువుతారు. మీ 21వ భాగం ఓపెన్ చేసేవాళ్ళలో వాళ్ళుండరని ఏంటి గ్యారంటీ?

రాసేవాళ్ళకి ఇక్కడ ఒక్క మాట. ట్యాగ్‌లో "ఆత్మహత్య" అంటే చాలు. ఎలా, దేంతో అనే వివరం ట్యాగ్‌లో వద్దు. నిజం చెప్పాలంటే కథలో కూడా అంత వివరం అక్కర్లేదు. ఈ మాట వింటుంటేనే మీకు బరువుగా ఉంటే 14416కి కాల్ చేయండి, టెలి మానస్, ప్రభుత్వానిది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

మన దగ్గర ఇంకో చిక్కుంది, బయటివాళ్ళ ట్యాగుల లిస్టు కాపీ కొడితే తీరనిది. కొన్ని విషయాలు ట్యాగ్ పెట్టాల్సినవని రాసేవాళ్ళకి తట్టనే తట్టవు. హీరో అమ్మాయి వెనకాల నెల రోజులు బస్టాప్ దాకా నడుస్తాడు, వద్దన్నా నంబర్ సంపాదిస్తాడు, చెయ్యి కోసుకుని ఫొటో పంపిస్తాడు. రాసేవాడి దృష్టిలో ఇది రొమాన్స్, ఎందుకంటే సినిమాల్లో చూసి పెరిగింది అదే. 2008 డిసెంబర్‌లో వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివే అమ్మాయిల మీద యాసిడ్ పోశారు, ప్రేమ కాదన్నందుకు. ఆ వార్త విన్నాక కూతుళ్ళని కాలేజీకి పంపడానికి భయపడ్డ ఇళ్ళు మా వైపు కూడా ఉన్నాయి. బస్టాప్ దాకా వెంటపడేవాణ్ణి నిజంగా భరించిన అమ్మాయికి మీ 'క్యూట్ ఫస్ట్ మీట్' క్యూట్‌గా ఉండదు. 'వెంటపడటం' అనే చిన్న ట్యాగ్ పెట్టండి. అలాగే కులం పేరుతో అవమానం, వరకట్నం వేధింపులు, పరువు హత్య. ఇవి మామూలు ఇంగ్లీషు లిస్టుల్లో పెద్దగా కనిపించవు, మనమే తయారు చేసుకోవాలి.

ఇప్పుడు "చదవకు పో" బ్యాచ్ అభ్యంతరాలు. వాటిలో ఒకటి మాత్రం నిజంగా గట్టిది, దాన్ని చివర చూద్దాం.

మొదటిది, స్పాయిలర్ అయిపోతది అంటారు. మీ కథ మొత్తం బలం "చెల్లెలు చనిపోతుంది" అనే ఒక్క షాక్ మీద ఆధారపడి ఉంటే, సారీ, అది కథ సమస్య. అయినా షాక్ దాచుకునే దారులున్నాయి. కథ మొదట్లో "ఇందులో బాధ పెట్టే విషయాలున్నాయి, వివరాలు కావాలంటే చివరి నోట్‌లో చూడండి" అని రాయొచ్చు. కావలసినవాడు చివరికెళ్ళి చూసుకుంటాడు, వద్దనుకున్నవాడు అలాగే చదువుకుంటాడు. భాగంలో ఆ సీన్ దగ్గర మూడు చుక్కలు పెట్టి, "ఇక్కణ్ణుంచి మళ్ళీ మూడు చుక్కలు వచ్చేదాకా వదిలేసినా కథ అర్థమవుతుంది" అని రాసేవాళ్ళు కూడా ఉన్నారు. ఎంత పని? ముప్ఫై సెకన్లు.

రెండోది, ఇది సెన్సార్‌షిప్ అంటారు. కాదండి, తిరగేసి చూడండి. ట్యాగులున్న చోటే రాసేవాళ్ళు అన్నిటికంటే స్వేచ్ఛగా రాస్తున్నారు. లోపల ఏముందో డబ్బా మీద రాసుంటే, లోపల ఏదైనా పెట్టొచ్చు. 2021లో కేంద్రం తెచ్చిన ఐటీ రూల్స్ వల్లే కదా ఓటీటీలో సినిమా మొదలవగానే స్క్రీన్ మూల వయసు రేటింగ్, హింస, భాష అని చిన్న అక్షరాలు పడేది. 2024 నుంచి థియేటర్ సినిమాకి కూడా యూఏ 7+, 13+, 16+ అని విడివిడిగా ఇస్తున్నారు. ఆ అక్షరాలు పడ్డంత మాత్రాన ఎవరూ సినిమాలు తీయడం మానలేదు. మనం అడిగేది దానికంటే చిన్నది, పైగా చట్టం కాదు, రిక్వెస్ట్.

మూడోది గట్టిది. "వార్నింగులు పనిచేయవని సైన్సే చెప్పింది" అని. ఇది నిజం, దాటేయకూడదు. 2023లో విక్టోరియా బ్రిడ్జ్‌లాండ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు అంతవరకు జరిగిన ప్రయోగాలన్నీ కలిపి లెక్క తీశారు. ముందు వార్నింగ్ ఇచ్చినా, తర్వాత ఆ విషయం చూసినప్పుడు కలిగే బాధ తగ్గలేదు. పైగా చూడబోయే ముందు ఆందోళన కొంచెం పెరిగింది. వార్నింగ్ చూసి మానేసేవాళ్ళు పెద్దగా పెరగలేదు కూడా.

మరి ట్యాగులెందుకు? నేను దీని గురించి చాలా ఆలోచించా. ట్యాగ్ మందు అని చెప్తే అది అబద్ధం. బాధ తగ్గిస్తుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. గాయం మానాలంటే డాక్టరో కౌన్సెలరో కావాలి, ట్యాగ్ కాదు. కానీ ఆ ప్రయోగాల్లో జరిగేది వేరు: వార్నింగ్ చూపించి, ఆ వెంటనే విషయం చూపించి, ఎలా ఉందని కొలుస్తారు. ఫోన్‌లో కథలు వెతుక్కునేవాడి పని అలా ఉండదు. ఫిల్టర్ పెట్టుకుంటే ఆ కథ లిస్టులోకే రాదు, వార్నింగ్ చదివి ఆందోళన పడే అవసరమే రాదు. రెండోది, మా అమ్మాయి అన్నట్టు, చదవాలా వద్దా అనేదొక్కటే ప్రశ్న కాదు, ఎప్పుడు అనేది కూడా ఉంది. రాత్రి పదకొండున్నరకి ఒంటరిగా చదవడం, ఆదివారం మధ్యాహ్నం నలుగురి మధ్య చదవడం ఒకటి కాదు. ఇది నా అభిప్రాయమే, పరిశోధన కాదు. విభేదించండి, పర్లేదు.

సరే, అడగడం దగ్గరికొద్దాం. మా నగరం వైపు అమ్మాయి ఆ రచయితకి రాసింది నాకు చూపించింది, తన పర్మిషన్‌తోనే చదువుతున్నా:

"అక్కా, మీ కథ మొదటి నుంచి చదువుతున్నా, వంటింటి గొడవలు సూపర్. లాస్ట్ భాగంలో గ్యాస్ ప్రమాదం సీన్ నాకు కష్టమైంది. వీలైతే ఆ భాగం పైన 'ఇందులో అగ్ని ప్రమాదం ఉంది' అని ఒక లైను పెడతారా? నాలాంటివాళ్ళు ఇంకొంతమంది ఉండొచ్చు. మీరు రాసింది మార్చమని కాదు."

అంతే. ఇందులో ఏమేమున్నాయో చూడండి. ఏ భాగమో చెప్పింది, వెతుక్కునే పని లేకుండా. ఏం రాయాలో ఆ లైను కూడా తనే ఇచ్చింది, అక్క కాపీ పేస్ట్ చేసుకుంటే చాలు. మార్చమనట్లేదని చెప్పింది. ఏం లేదో కూడా చూడండి: నగరం లేదు, 2014 లేదు. తన గాయం విప్పి చూపించలేదు. ఇది ముఖ్యం ఫ్రెండ్స్. "నాకు ఇలా జరిగింది కాబట్టి ట్యాగ్ పెట్టండి" అని రుజువు చూపించాల్సిన అవసరం మీకు లేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు, స్క్రీన్‌షాట్ తీసేవాళ్ళ మధ్య అసలొద్దు. "కష్టమైంది" అనే ఒక్క మాట చాలు.

ఆవిడ ఏం రిప్లై ఇచ్చిందంటే, "అయ్యో, నాకు తట్టలేదు చెల్లీ, పెట్టేశా" అని. రెండు గంటల్లో లైను వచ్చేసింది. చాలామంది రాసేవాళ్ళు ఇలాంటివాళ్ళే. చెడ్డ ఉద్దేశంతో ఎవరూ వదిలేయరు, వాళ్ళ జీవితంలో లేనిది వాళ్ళకి తట్టదు.

"మీకు మనసుందా", "రిపోర్ట్ కొడతాం", "ఇలాంటివి రాసేవాళ్ళని బ్యాన్ చేయాలి" అని మొదలుపెడితే మాత్రం ట్యాగ్ రాదు, గొడవొస్తది. పది మందిని వెంటేసుకుని వెళ్ళకండి. ఒకరు అడిగితే రిక్వెస్ట్, ఒకే రోజు ముప్ఫై మంది అడిగితే దాడి. పదహారేళ్ళ పిల్ల రాసిన మొదటి కథ కింద ముప్ఫై కామెంట్లు పడితే ఆ పిల్ల ఇంక రాయదు. పర్సనల్‌గా మెసేజ్ పెట్టే వీలుంటే అదే మంచిది.

ఒకసారి అడగండి. కాదంటే? కాదనే హక్కు వాళ్ళకుంది. రెండోసారి అడక్కండి, ఆ కథ వదిలేయండి. ఆ రచయితని మ్యూట్ చేసుకోండి. ఆ కథ కావాలనే ఉంటే ఒక ఫ్రెండ్‌కి ఇచ్చి ముందు చదివించండి, ఏ భాగం దాటేయాలో వాళ్ళు చెప్తారు. మా ఇంట్లో అమ్మ సీరియల్ చూసేటప్పుడు చేసేది ఇదే. పక్కింటావిడకి ఫోన్ చేసి "ఇవాళ ఆ పిల్లని కొడతారా?" అని కనుక్కుని మరీ టీవీ పెడుతుంది. ఇది మాన్యువల్ ట్యాగింగ్ సిస్టం, మా కోనసీమలో ఎప్పట్నుంచో ఉంది.

అన్నిటికీ ట్యాగ్ అడగలేం కూడా. మా అమ్మాయికి పెద్ద మంట ఒక్కటే కాదు, ఒక్కోసారి లైటర్ టిక్ టిక్ చప్పుడు కూడా పడదు. 'లైటర్ చప్పుడు ఉంది' అని ఎవరూ ట్యాగ్ పెట్టరు, పెట్టమని తనూ అడగదు. అలాంటివి మనమే ఫ్రెండ్ సాయంతోనో, కౌన్సెలర్ సాయంతోనో చూసుకోవాలి. ఎక్కువమందికి తగిలేవి, తగిలితే గట్టిగా తగిలేవి, వాటికి అడుగుదాం.

చివరిగా రాసేవాళ్ళ కోసం కొంచెం టెక్నికల్ విషయం. కంప్యూటర్‌కి 'ఆత్మహత్య', 'ఆత్మ హత్య', 'సూసైడ్' మూడు వేరు వేరు మాటలు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే నాలుగో రకం. పాఠకుడు ఒకటి ఫిల్టర్ చేస్తే మిగతా మూడూ జారిపోతాయి. అందుకని సైట్‌లో అందరూ వాడే ఇంగ్లీషు ట్యాగ్ ఏదుందో, టైపు చేసేటప్పుడు కింద సజెషన్స్‌లో వస్తుంది చూడండి, అది ఎంచుకోండి. భాగం పైన నోట్ మాత్రం మన తెలుగులో రాయండి. "హెచ్చరిక" అని రాస్తే సినిమా ముందు సిగరెట్ యాడ్ గుర్తొస్తుందని ఒకావిడ "ముందే చెప్తున్నా" అని రాస్తుంది. "ముందే చెప్తున్నా: ఈ భాగంలో గర్భస్రావం ప్రస్తావన ఉంది, సీన్ లేదు." నాకు ఇది భలే నచ్చింది. ప్రస్తావన వేరు, సన్నివేశం వేరు అని కూడా చెప్పేసింది. చాలామందికి ప్రస్తావన పర్లేదు, సన్నివేశమే కష్టం.

పాత కథలకి కూడా పెట్టాలా అని ఒకతను అడిగాడు. నలభై కథలున్నాయట, బాబోయ్. అన్నీ ఒకేసారి కూర్చుని చేయక్కర్లేదు తమ్ముడూ. ఎక్కువమంది చదివేవి మూడు తీసుకో, వాటిలో నీకు గుర్తున్న పెద్ద సీన్లకి లైను పెట్టు, మిగతావి ఎవరైనా అడిగినప్పుడు చూద్దువుగాని.

దింపు అయిపోయినట్టుంది, చప్పుడు ఆగింది. అవతల కాయలు లెక్కపెడుతున్నారు, నన్ను పిలుస్తున్నారు కూడా. ఉంటానండి మరి.